ఉష్ణమండల సముద్రంలోకి వెళ్లే ముందు వాతావరణ సూచన ఎలా చదవాలి

బులెటిన్ చేతికి రాగానే అందరి కళ్లూ గాలి వేగం మీదికో, అలల ఎత్తు మీదికో పోతాయి. మీరు ముందు టైము చూడండి. ఆ సూచన ఎప్పుడు విడుదలైంది? అందులో చెప్పిన పరిస్థితి ఏ గంట నాటిది? ఎప్పటిదాకా చెల్లుతుంది? ఈ మూడూ తెలిశాకే మిగతాది చదవండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2015 అక్టోబరు 1న 'ఎల్ ఫారో' అనే సరుకు నౌక బహామాస్ దగ్గర వాకీన్ హరికేన్‌లో చిక్కుకుని మునిగిపోయింది. అందులో ఉన్న 33 మందీ చనిపోయారు. కెప్టెన్ నమ్ముకున్న వాతావరణ ఫైలులో తుఫాను స్థానం గంటల కొద్దీ పాతదని అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలింది. అంతకన్నా తాజా బులెటిన్లు ఉపగ్రహం ద్వారా అదే నౌకకు చేరుతూనే ఉన్నాయి. అంటే సమాచారం లేక కాదు, చేతిలో ఉన్న సమాచారం వయసు చూసుకోక జరిగిన నష్టం అది. ఆ వయసు లెక్కేయడానికి పట్టేది ఒక్క నిమిషం.

సముద్ర వాతావరణ బులెటిన్లలో సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి ప్రామాణిక సమయంలో ఉంటుంది. ప్రపంచమంతటా ప్రధాన పరిశీలనలు 00, 06, 12, 18 గంటలకు తీసుకుంటారు. కంప్యూటర్ మోడళ్లు వాటితోనే మొదలవుతాయి, ఫలితం మీ ఫోనుకో బోటులోని తెరకో వచ్చేసరికి నాలుగైదు గంటలు గడిచిపోతాయి. కాబట్టి కాగితం మీద మూడు టైములూ మీ స్థానిక సమయంలోకి మార్చి రాసుకోండి. మనసులో లెక్క వేసుకుంటే అలసిపోయిన రాత్రి తప్పు దొర్లుతుంది.

ఎవరి సూచన చదవాలి

ప్రపంచ సముద్రాలన్నిటినీ నౌకా హెచ్చరికల కోసం 21 మెటేరియాలుగా విభజించారు. ఒక్కో భాగానికి ఒక్కో దేశపు వాతావరణ సంస్థ బాధ్యత తీసుకుంటుంది. మీరు వెళ్లే దారి ఏ మెటేరియాలోకి వస్తుందో ముందే తెలుసుకోండి. దారి రెండింటిని దాటుతుంటే రెండు బులెటిన్లూ తీసుకోండి. తీరానికి దగ్గరగా ఉన్నప్పుడు నావ్‌టెక్స్ రిసీవరు, అంటే హెచ్చరికలను రేడియో ద్వారా అందుకుని అక్షరాల్లో చూపే పరికరం, 518 కిలోహెర్ట్జ్ మీద ఇంగ్లిష్‌లో ఇవి అందుకుంటుంది. తీరం నుంచి సుమారు 250 నుంచి 400 నాటికల్ మైళ్ల వరకు (ఒక నాటికల్ మైలు 1.85 కిలోమీటర్లు) ఈ సంకేతాలు అందుతాయి. ఆ పైన ఉపగ్రహ సేవలే దిక్కు.

తుఫానుల విషయంలో ప్రపంచ వాతావరణ సంస్థ ఆరు ప్రాంతీయ కేంద్రాలను నిర్ణయించింది. అట్లాంటిక్, తూర్పు పసిఫిక్‌లకు మయామి. మధ్య పసిఫిక్‌కు హోనోలులు. వాయవ్య పసిఫిక్‌కు టోక్యో. బంగాళాఖాతం, అరేబియా సముద్రాలకు న్యూఢిల్లీ. నైరుతి హిందూ మహాసముద్రానికి రీయూనియన్ దీవి. దక్షిణ పసిఫిక్‌కు ఫిజీలోని నాడీ. ఆస్ట్రేలియా చుట్టుపక్కల నీళ్లకు ఆ దేశపు వాతావరణ సంస్థ హెచ్చరికలిస్తుంది.

ఫోనులో ఉచితంగా దొరికే యాప్‌లు చాలావరకు మోడల్ అంకెలను ఉన్నదున్నట్టు రంగుల్లో చూపిస్తాయి. వాటిని ఏ మనిషీ సరిచూడడు. అధికారిక బులెటిన్ వెనక మాత్రం ఉపగ్రహ చిత్రాలు, నౌకలు పంపిన పరిశీలనలు, ఆ సముద్రంతో ఏళ్ల పరిచయం ఉన్న మనుషులు ఉంటారు. యాప్ బాగుందని చూపించినా అధికారిక హెచ్చరిక ఉంటే హెచ్చరికనే నమ్మండి. ఇందులో బేరాలు వద్దు.

ఆ సముద్రం మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకోండి

మామూలు ఏదో తెలిస్తేనే తేడా కనిపిస్తుంది. ఉష్ణమండలంలో వ్యాపార పవనాలే మామూలు. ఉత్తరార్ధగోళంలో ఈశాన్యం నుంచి, దక్షిణార్ధగోళంలో ఆగ్నేయం నుంచి, తరచుగా 10 నుంచి 20 నాట్ల మధ్య (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) రోజుల తరబడి వీస్తాయి. ఈ రెండూ భూమధ్యరేఖకు దగ్గర్లో కలిసే చోట మేఘాల పట్టీ ఉంటుంది. అక్కడ ఒక గంట గాలి చచ్చిపోయి ఉంటుంది, మరు గంట ఈదురుగాలీ కుండపోత వానా వస్తాయి. ఈ పట్టీ సూర్యుణ్ణి అనుసరిస్తూ రుతువులతో పాటు ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతుంది. ఈ వారం అది ఎక్కడుందో బులెటిన్‌లో చెప్తారు. ఆ వాక్యాన్ని దాటేయకండి. హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో మాత్రం రుతుపవనాలదే రాజ్యం, ఏడాదిలో గాలి దిక్కే తిరగబడుతుంది.

కొన్ని చోట్ల స్థానికంగా పుట్టే గాలులు మోసం చేస్తాయి. మెక్సికో దక్షిణ తీరంలోని టెహువాంటెపెక్ సింధుశాఖలో చలికాలమంతా కొండల సందుల్లోంచి వచ్చే ఉత్తరపు గాలి, నీలాకాశం కింద, 34 నాట్లు దాటి విరుచుకుపడుతుంది. కొలంబియా తీరం ముందర కరీబియన్‌లో చలికాలపు రాత్రుల్లో వ్యాపార పవనాలు ఆ స్థాయికి చేరడం కొత్త కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సోమాలియా ముందర నైరుతి గాలి చిన్న పడవలకు దారే ఇవ్వదు. ఇలాంటి చోట మేఘం లేదు కదా అన్న ధైర్యం పనికిరాదు.

వాతావరణ పటం చదవడం అలవాటున్నవాళ్లకు ఇంకో మాట. సమశీతోష్ణ మండలంలో పీడన రేఖలు దగ్గరగా ఉంటే గాలి ఎక్కువ, దూరంగా ఉంటే తక్కువ అని నేర్చుకుని ఉంటారు. భూమి తిరగడం వల్ల గాలి మీద పడే ప్రభావం భూమధ్యరేఖ వైపు వచ్చే కొద్దీ తగ్గిపోతుంది. అందువల్ల రేఖల మధ్య దూరం అంతే ఉన్నా, 45 డిగ్రీల అక్షాంశం దగ్గర కన్నా 15 డిగ్రీల దగ్గర గాలి రెండున్నర రెట్లకు పైగా ఉండొచ్చు. భూమధ్యరేఖ పక్కనైతే ఆ లెక్కే పనిచేయదు. ఉష్ణమండల పటం ఖాళీగా కనిపించిందంటే గాలి లేదని కాదు. అక్కడ పీడన రేఖలు వదిలేసి, గాలి బాణాలున్న పటం చూడండి.

గాలి అంకె వెనక ఏముంది

బులెటిన్‌లో 20 నాట్లు అని ఉంటే అది సగటు. సముద్ర మట్టానికి 10 మీటర్ల ఎత్తున, కొన్ని నిమిషాల పాటు, విశాలమైన ప్రాంతం మీద. మీ పడవ మాత్రం ఒకే చోట ఉంటుంది, దానికి తగిలేది సగటు కాదు. ఆస్ట్రేలియా వాతావరణ సంస్థ తన సముద్ర సూచనల్లో ఈ సంగతి నేరుగా రాస్తుంది: విసురు గాలులు సగటు కన్నా మరో 40 శాతం ఎక్కువ ఉండొచ్చు, పెద్ద అల చెప్పిన ఎత్తుకు రెండింతలు ఉండొచ్చు. ఎక్కడి బులెటిన్ చదివినా ఈ వాక్యం మనసులో పెట్టుకోండి. 20 అంటే 28 వరకు సిద్ధం. గాలి తోపుడు బలం వేగపు వర్గంతో పెరుగుతుంది గనక 20 నుంచి 28కి వచ్చేసరికి అది దాదాపు రెట్టింపవుతుంది.

తుఫాను గాలులను పోల్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. అమెరికా కేంద్రాలు ఒక నిమిషం సగటు చెప్తాయి, భారత వాతావరణ శాఖ మూడు నిమిషాలది, జపాన్ సంస్థ పది నిమిషాలది. అదే తుఫానుకు ఒక నిమిషం సగటు కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. రెండు కేంద్రాల అంకెలు కలవకపోతే వెంటనే టెన్షన్ పడకండి, ఏ సగటో ముందు చూడండి.

గాలి దిక్కు అంటే ఎటు నుంచి వస్తోందో ఆ దిక్కు. దూరం నుంచి వచ్చే అలల, అంటే స్వెల్ దిక్కూ అంతే. ప్రవాహం దిక్కు మాత్రం ఎటు పోతోందో అది. ఉత్తరపు గాలి, ఉత్తర ప్రవాహం అని రాసి ఉంటే రెండూ ఎదురెదురు. అలాంటి చోట అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. మామూలు సూచనలో ఈ పెరుగుదల కనిపించకపోవచ్చు.

అలల దగ్గర నిదానించండి

నా దృష్టిలో కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఎత్తు చూస్తారు, సెకన్లు చూడరు.

సూచనలో ఇచ్చే అలల ఎత్తు, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు. 2 మీటర్లు అని ఉంటే చాలా అలలు అంతకన్నా చిన్నవే. కానీ గంటల తరబడి సముద్రంలో ఉంటే 4 మీటర్లకు దగ్గరైన అల ఒకటి ఎదురుకావడం వింతేమీ కాదు.

తర్వాత రెండు వరుసలు వెతకండి. ఒకటి అక్కడి గాలికి అక్కడే లేచే అలలు. రెండోది స్వెల్, అంటే ఎక్కడో దూరాన గాలి పుట్టించగా ఆ గాలిని దాటి ప్రయాణించి వచ్చిన అలలు. రెండింటి ఎత్తులూ నేరుగా కూడకూడదు. ఒక్కోదాని వర్గం కట్టి, కూడి, వర్గమూలం తీయాలి. గాలి అలలు 1.5 మీటర్లు, స్వెల్ 2 మీటర్లు ఉంటే మొత్తం 2.5 మీటర్లు అవుతుంది. ఎత్తు అంతేనా అనిపించొచ్చు గానీ, అవి రెండు వేర్వేరు దిక్కుల నుంచి వస్తుంటే పడవ కుదురుగా నిలవదు.

ఇక సెకన్లు. అలకీ అలకీ మధ్య గడిచే సమయం అది. లోతైన నీళ్లలో అల పొడవు మీటర్లలో కావాలంటే సెకన్ల వర్గాన్ని 1.56తో గుణించండి. 6 సెకన్ల అల పొడవు 56 మీటర్లు, 14 సెకన్ల అల పొడవు 300 మీటర్లకు పైన. రెండూ 2 మీటర్ల ఎత్తే అయినా మొదటిది పడవను గుద్దుతుంది, రెండోది మెల్లగా ఎత్తి దించుతుంది. నడి సముద్రంలో రెండోదే హాయి. అదే అల తీరానికి చేరి లోతు తగ్గిన చోట నేలను తాకగానే ఎత్తు పెరిగి, ఒక్కసారిగా విరుగుతుంది. గాలి లేని ఎండ రోజున నదీముఖాల ఇసుక మేటల దగ్గర పడవలు తిరగబడేది ఇలాంటి అలల వల్లే. రేవులోకి తిరిగొచ్చే దారి లోతు తక్కువదైతే, 12 సెకన్లు దాటిన స్వెల్ ఉన్న రోజున వెళ్లేటప్పుడే తిరిగిరావడం గురించి ఆలోచించండి.

ఈ సెకన్లు ముందస్తు కబురు కూడా మోసుకొస్తాయి. స్వెల్ గుంపు వేగం నాట్లలో తెలియాలంటే సెకన్లను ఒకటిన్నరతో గుణించండి. 15 సెకన్ల స్వెల్ 22 నాట్ల పైన పోతుంది, ఒక రోజులో 540 నాటికల్ మైళ్లు. ఉష్ణమండలంలో తుఫాను మామూలుగా ఇందులో సగం వేగంతో కదులుతుంది. అందుకే మేఘాల కన్నా ముందే స్వెల్ వచ్చేస్తుంది. రోజూ నిమిషానికి ఏడెనిమిది అలలు లెక్కపెట్టే చోట ఒక ఉదయం కొత్త దిక్కు నుంచి నిమిషానికి నాలుగే నిదానమైన అలలు వస్తుంటే, ఆ దిక్కున దూరంగా ఏదో పెద్దది ఉంది. అది ప్రతిసారీ ఉష్ణమండల తుఫానే కానక్కర్లేదు. దక్షిణ మహాసముద్రంలోని చలికాలపు తుపానుల స్వెల్ వేల మైళ్లు దాటి హిందూ మహాసముద్రపు ఉత్తర తీరాలకూ చేరుతుంది. ఏదైనా సరే, తాజా బులెటిన్ తెరవాల్సిన సమయం అదే.

సూచనలో కనిపించని ఈదురుగాలి

చాలా యాప్‌లు వాడే, అమెరికా నడిపే జీఎఫ్ఎస్ అనే వాతావరణ మోడల్ ఫలితాలు పావు డిగ్రీ గళ్లలో వస్తాయి. ఒక గడి దాదాపు 28 కిలోమీటర్లు. ఒక ఉరుముల మేఘం అందులో మూలన పడి ఉండేంత చిన్నది. అంచేత గ్రిబ్ ఫైలులో, అంటే మోడల్ అంకెలుండే ఫైలులో, 12 నాట్లు చూపించే చోటే, మేఘం కింద పావుగంట సేపు 35 నాట్లు వీస్తుంది. ఇది మోడల్ తప్పు కాదు, దాని హద్దు. బులెటిన్‌లో 'ఉరుములతో కూడిన జల్లుల దగ్గర విసురు గాలులు' అనే వాక్యం కనిపిస్తే దాన్ని అంకెల కన్నా పెద్ద అక్షరాల్లో రాసుకోండి.

నడి సముద్రం మీద ఈ మేఘాలు తెల్లవారుజామున బలపడతాయి. మలక్కా జలసంధిలో 'సుమాత్రాలు' అని పిలిచే ఈదురుగాలుల వరుసలు కూడా తెల్లవారకముందు, పొద్దున పూట వస్తాయి. అందుకే తెరచాప పడవైతే చీకటి పడకముందే తెరచాప తగ్గించండి. బయల్దేరే ముందు ఇన్‌ఫ్రారెడ్ ఉపగ్రహ చిత్రాలు కనీసం మూడు, గంట గంట తేడాతో చూడండి. మేఘాలు పెరుగుతున్నాయా, చెదిరిపోతున్నాయా, ఎటు జరుగుతున్నాయి అన్నది ఒక్క చిత్రంలో తెలియదు.

సముద్రంలో మేఘం కనిపిస్తే దిక్సూచితో దాని దిక్కు చూసి, పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. దిక్కు మారుతుంటే పక్కనుంచి పోతుంది. దిక్కు మారకుండా మేఘం పెద్దదవుతుంటే మీ మీదికే వస్తోంది. చల్లటి గాలి ముఖానికి తగిలి, మేఘం కింద నీళ్ల మీద తెల్లటి గీత కనిపించిందంటే ఇక నిమిషాలే మిగిలాయి. అప్పటికి లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి.

తుఫాను ఉన్నప్పుడు 1-2-3 లెక్క

పేర్లు ఏ సముద్రంలో ఎలా ఉన్నా రెండు అంకెలు అంతటా ఒకటే. 34 నాట్లు దాటితే దానికి పేరు పెడతారు. 64 దాటితే అట్లాంటిక్‌లో హరికేన్, వాయవ్య పసిఫిక్‌లో టైఫూన్. చిన్న పడవకు 34 గీతే అసలు గీత. దాని లోపలికి వెళ్లకూడదు.

బులెటిన్‌లో తుఫాను కేంద్రం ఏ గంటకు ఎక్కడుంటుందో, 34 నాట్ల గాలి ఎంత దూరం వరకు ఉంటుందో ఇస్తారు. పటం మీద 24, 48, 72 గంటల స్థానాలు గుర్తించండి. 24 గంటల స్థానం దగ్గర, ఆ సమయానికి చెప్పిన 34 నాట్ల దూరానికి 100 నాటికల్ మైళ్లు కలపండి. 48 దగ్గర 200, 72 దగ్గర 300 కలపండి. ఉదాహరణకు 48 గంటలకు 34 నాట్ల గాలి 150 మైళ్ల వరకు అంటే, మీరు 350 మైళ్ల వృత్తం గీయాలి. ఈ వృత్తాలన్నిటినీ కలిపే ప్రాంతం మీకు నిషిద్ధం. ఇప్పటి సూచనల్లో కేంద్రం స్థానం విషయంలో వచ్చే సగటు తప్పు ఇంతకన్నా తక్కువే. అయినా కలపండి, ఎందుకంటే సగటును మించిన తప్పు ఏ తుఫానుకు వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కొత్త బులెటిన్ రాగానే పాత వృత్తాలు చెరిపి మళ్లీ గీయండి.

తుఫాను కదిలే దిక్కుకు ముఖం పెట్టి నిలబడ్డారనుకోండి. ఉత్తరార్ధగోళంలో కుడి సగం, దక్షిణార్ధగోళంలో ఎడమ సగం ఎక్కువ ప్రమాదం. ఆ వైపు తుఫాను నడక వేగం గాలికి తోడవుతుంది, పైగా ఆ గాలి పడవను తుఫాను దారిలోకే నెడుతుంది. రేడియో పోయి ఏమీ తెలియని స్థితిలో, 1857లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ చెప్పిన సూత్రం ఆదుకుంటుంది: ఉత్తరార్ధగోళంలో గాలికి ఎదురుగా నిలబడితే తుఫాను కేంద్రం మీ కుడి పక్కన, కొంచెం వెనక్కి ఉంటుంది. దక్షిణార్ధగోళంలో ఎడమ పక్కన.

బారోమీటర్‌ను గడియారంతో కలిపి చదవండి

ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. స్థానిక సమయం 10 గంటలకు పగలూ రాత్రీ ఎక్కువ, 4 గంటలకు తెల్లవారుజామునా సాయంత్రమూ తక్కువ. మొత్తం తేడా సుమారు 3 హెక్టాపాస్కల్స్ దాకా ఉంటుంది. ఇది తెలియనివాళ్లు సాయంత్రం ముల్లు దిగడం చూసి కంగారు పడతారు. పొద్దున ముల్లు ఎక్కడం చూసి, అసలు పడిపోతున్న పీడనాన్ని గుర్తించకపోవడం మాత్రం నిజంగా ప్రమాదం.

కాబట్టి మూడు గంటలకోసారి అంకె రాసి, నిన్న అదే గంటకు ఉన్న అంకెతో పోల్చండి. ఆ కాలానికి, ఆ గంటకు మామూలుగా ఉండే దానికన్నా 3 హెక్టాపాస్కల్స్ తగ్గితే తుఫానును అనుమానించండి. 5 తగ్గితే దగ్గర్లో ఉందనే లెక్కేసుకుని, రేవుకో తుఫానుకు దూరంగానో దారి మార్చండి.

వెళ్లాలా వద్దా

ఈ నిర్ణయం ఒడ్డున, బులెటిన్ తెరవకముందే సగం అయిపోవాలి. మీ పడవకు, మీతో వచ్చేవాళ్లలో అందరికన్నా అనుభవం తక్కువైన మనిషికి సరిపోయే హద్దులు ఒక కాగితం మీద రాయండి: ఇన్ని నాట్లు దాటితే, ఇన్ని మీటర్లు దాటితే, ఇన్ని సెకన్లకు తక్కువైతే వెళ్లం. బులెటిన్ చూశాక హద్దులు రాస్తే, వెళ్లాలన్న ఆశ ఆ అంకెలను జరిపేస్తుంది.

తర్వాత సూచనను తిరిగొచ్చే గంట వరకు చదవండి, దాని మీద ఇంకో అరరోజు కలిపి చదవండి. ఇంజిన్ మొరాయించినా, ప్రవాహం ఎదురైనా ఆ అరరోజులోనే మీరుంటారు. రెండు వేర్వేరు మోడళ్లను, అంటే జీఎఫ్ఎస్‌నూ యూరప్ వాతావరణ కేంద్రం మోడల్‌నూ, పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకే మాట చెప్తే మూడో రోజు వరకు కొంత నమ్మొచ్చు. రెండింటికీ పొత్తు కుదరకపోతే వాటి సగటు తీయకండి, చెడ్డగా చెప్పినదాన్ని తీసుకోండి. ఆరు గంటలాగి కొత్తది వచ్చాక మళ్లీ చూడండి. వరుసగా రెండు మూడు విడతల్లో సూచన ఒకే వైపు దిగజారుతూ ఉంటే, ఇంకా హద్దు దాటకపోయినా ఆగిపోండి.

బయల్దేరాక ప్రతి మూడు గంటలకూ నాలుగే నాలుగు సంగతులు రాయండి: గాలి, స్వెల్ దిక్కు, సెకన్లు, బారోమీటర్. పక్కన సూచన చెప్పిన అంకె రాయండి. రెండూ దగ్గరగా ఉన్నంతసేపు ముందుకు సాగండి. వరుసగా రెండుసార్లు సముద్రం సూచన కన్నా ఘోరంగా ఉంటే కారణం వెతుక్కుంటూ కూర్చోకుండా, వెలుతురు ఉండగానే పడవ తిప్పండి.